రెఫరెండం ఉంటే కొవ్వాడ ఆగేదా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. ఊరి గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, పెళ్లి సంబంధాల గ్రూపు, దేన్నీ వదల్లేదు. చాంతాడంత ఉంటుంది కాబట్టి సారాంశం చెబుతాను. ఐర్లాండ్, స్విట్జర్లాండ్ లాంటి దేశాల్లో రెఫరెండం పెట్టి, అంటే ఓటింగ్‌తో జనాన్ని అడగకుండా ఏ విదేశీ ఒప్పందమూ చెయ్యరట. జనం వద్దంటే ఆ ఒప్పందం అక్కడితో సమాప్తమట. అర్థం కాని ఒప్పందమైతే అక్కడివాళ్లు కళ్లు మూసుకుని 'నో' కొడతారట, నో అంటే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది కాబట్టి నష్టమేమీ లేదట. మన రాజ్యాంగంలోనూ ఈ హక్కు ఉందట, నాయకులు దాచిపెట్టారట. ఆ హక్కు వాడుకుని ఉంటే అమెరికాతో అణు ఒప్పందం జరిగేది కాదట, కొవ్వాడ అణు విద్యుత్ ప్లాంటు మన నెత్తిన పడేది కాదట.

చివర్లో కొవ్వాడ పేరు ఉండబట్టే ఇది ఇంతగా తిరిగింది. రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్ల బాధ నిజం. ఆ బాధకి తగిలించిన తోకలు మాత్రం నిజం కావు. ఒక్కొక్కటే చూద్దాం.

ప్రతి ఒప్పందానికీ జనం ఓటు అన్నది మొదటిది. ఐర్లాండ్‌లో అలా లేదు. అక్కడ రాజ్యాంగాన్ని సవరించాలంటే జనం ఓటు తప్పనిసరి. ఏదైనా ఒప్పందం కోసం రాజ్యాంగాన్ని సవరించాల్సి వస్తేనే అది జనం దగ్గరికి వెళ్తుంది, మిగతావన్నీ ప్రభుత్వమూ పార్లమెంటూ చూసుకుంటాయి. ఈ పద్ధతి గట్టిపడింది రేమండ్ క్రొటీ అనే వ్యవసాయ ఆర్థికవేత్త వల్ల. సింగిల్ యూరోపియన్ యాక్ట్ అనే యూరప్ దేశాల ఒప్పందాన్ని ప్రభుత్వం పార్లమెంటుతోనే సరిపెట్టేయబోతే ఆయన కోర్టుకెక్కాడు. 1987 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది, మే నెలలో ఓటింగ్ పెట్టక తప్పలేదు. అలాగని ప్రతిసారీ అదే జరగదు. యూరప్‌కీ కెనడాకీ మధ్య వాణిజ్య ఒప్పందం విషయంలో 2022లో అదే కోర్టు, ఉన్న చట్టాలతో దాన్ని ఆమోదిస్తే రాజ్యాంగ విరుద్ధమే అంటూనే, ఒక మామూలు చట్టాన్ని సవరిస్తే సరిపోతుందని దారి చూపింది.

స్విట్జర్లాండ్‌లో పద్ధతి వేరు. చాలా ఒప్పందాల మీద ఓటింగ్ దానంతటది రాదు, 100 రోజుల్లో 50,000 సంతకాలు పోగుచేసిన వాళ్లుంటేనే వస్తుంది. ఇండోనేషియాతో వాణిజ్య ఒప్పందం మీద, ముఖ్యంగా పామాయిల్ దిగుమతి గొడవ మీద, 2021 మార్చిలో అలాగే ఓటు జరిగింది. 51.6 శాతం మంది సరేనన్నారు. మన దేశం స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీకెన్‌స్టైన్‌లతో 2024 మార్చిలో కుదుర్చుకున్న ఒప్పందం కూడా అక్కడ ఇదే పద్ధతి కిందికి వచ్చింది. ఓటింగ్ జరగకుండానే 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చేసింది. అయినా స్విస్ పౌరుడికి కావాలంటే ఒక దారి ఉంది, అదే ఒప్పందం మీద మనకి ఏ దారీ లేదు. మెసేజ్ రాసినవాడు ఈ ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

జనం వద్దంటే ఒప్పందం సమాప్తం అన్నది రెండోది. యూరోపియన్ యూనియన్ దేశాల నీస్ ఒప్పందాన్ని ఐర్లాండ్ ప్రజలు 2001 జూన్‌లో 53.9 శాతంతో తిప్పికొట్టారు. మరుసటి ఏడాది అక్టోబరులో మళ్లీ ఓటు పెడితే 62.9 శాతం సరేనన్నారు. ఆ తర్వాత వచ్చిన లిస్బన్ ఒప్పందానిదీ అదే కథ: 2008లో 53.4 శాతం నో, 2009లో 67.1 శాతం ఎస్. నెదర్లాండ్స్‌లో 2016లో యూరోపియన్ యూనియన్‌కీ ఉక్రెయిన్‌కీ మధ్య ఒప్పందానికి ఓటేసినవాళ్లలో 61 శాతం వ్యతిరేకం. ఏడాది తిరిగాక దాన్ని ఆమోదించేశారు. 2018లో ఆ రెఫరెండం చట్టాన్నే ఎత్తేశారు.

ఇది చదివి "చూశారా, అంతా నాటకమే" అనేవాళ్లూ ఉంటారు. అదీ తప్పే. మొదటిసారి నో అన్నందువల్లే సైనిక తటస్థత, పన్నులు, గర్భస్రావ చట్టం విషయాల్లో ఐర్లాండ్‌కి రాతపూర్వక హామీలు వచ్చాయి. యూరోపియన్ కమిషన్‌లో ప్రతి దేశానికీ ఒక సభ్యుడు ఉండాలన్న హామీ కూడా లిస్బన్ ఓటమి తర్వాతే వచ్చింది. డెన్మార్క్ 1992లో యూరోపియన్ యూనియన్‌కి పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని కాదని, మినహాయింపులు రాయించుకుని, 1993లో అవునంది. ఇవాళ్టికీ అక్కడ యూరో నోట్లు లేవు, సొంత క్రోనే నడుస్తోంది. నో అంటే బేరం మళ్లీ మొదలవచ్చు. కొన్నిసార్లు అక్కడితో ఆగిపోతుంది కూడా: 1992లో 50.3 శాతం ఓట్లతో యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో భాగమయ్యే యూరోపియన్ ఎకనామిక్ ఏరియాని కాదన్న స్విట్జర్లాండ్ మరి అందులో చేరనే లేదు.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైనది. తెలియకపోతే నో కొట్టు, పోయేదేం లేదు అన్నది. 'తెలియకపోతే నో అనండి' అన్నది ఐర్లాండ్‌లో నిజంగానే నడిచిన ప్రచార నినాదం. అది మన గ్రూపుల దాకా వచ్చిందంటే ఊరికే రాలేదు. ఇప్పుడక్కడ మనవాళ్లు ఉన్నారు. మా మేనకోడలు డబ్లిన్‌లో నర్సు. భారతీయ పాస్‌పోర్టుతో ఉన్నన్నాళ్లూ అక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటు ఉండేది గానీ రెఫరెండంలో ఉండేది కాదు, అది ఐరిష్ పౌరులకే. పౌరసత్వం తీసుకుని, మన పాస్‌పోర్టు సరెండర్ చేశాక ఆ ఓటు వచ్చింది. 2024 జూన్‌లో స్థానిక ఎన్నికలతో పాటు యూరప్ దేశాల ఉమ్మడి పేటెంట్ కోర్టు ఒప్పందం మీద ఓటింగ్ పెడతామన్నారు. ఫోన్ చేసి, "మావయ్యా, పేటెంట్ల కోర్టంట, నాకేటి తెలుస్తాది? మా అత్తోరి గ్రూపులో నో కొట్టేమంటన్నారు" అంది. ఏప్రిల్‌లో ఆ ఓటింగ్‌ని వాయిదా వేసేశారు, పిల్లకి టెన్షన్ తప్పింది. కానీ ప్రశ్న ఉండిపోయింది.

అక్కడి బ్యాలెట్ పేపరు మీద ఒప్పందం ఉండదు. రాజ్యాంగ సవరణ బిల్లు పేరు ఒకటి, దాన్ని ఆమోదిస్తారా అన్న ప్రశ్న, ఐరిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ రాసిన అవును, కాదు, వాటి ఎదురుగా రెండు గళ్లు. ఒకదాంట్లో ఇంటూ మార్కు పెట్టాలి, అంతే. వందల పేజీల ఒప్పందం అంతా చదివేయాలని కంగారు పడక్కర్లేదు. ఈ ఒప్పందంలో చేరడానికి ప్రభుత్వానికి అనుమతి ఇస్తున్నానా లేదా అన్నదే లెక్క. నేను మేనకోడలికి చెప్పింది ఒకటే: నో అంటే మర్నాడు ఏం జరుగుతుందో ముందు తెలుసుకో. మనం చేరకపోతే ఈ ఒప్పందం ఆగుతుందా, మనల్ని వదిలేసి నడిచిపోతుందా?

పేటెంట్ కోర్టు 2023 జూన్ నుంచి ఐర్లాండ్ లేకుండానే నడుస్తోంది. అక్కడ నో అంటే నిజంగానే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. 2012 నాటి యూరప్ ఆర్థిక క్రమశిక్షణ ఒప్పందం అలాంటిది కాదు. అప్పటికి ఐర్లాండ్ దివాళా అంచు నుంచి బయటపడటానికి బెయిలవుట్ అప్పు మీద బతుకుతోంది. యూరో వాడే 17 దేశాల్లో 12 ఒప్పుకుంటే ఒప్పందం అమల్లోకి వచ్చేస్తుంది, ఐర్లాండ్ ఆపలేదు. పైగా ఒప్పుకోని దేశానికి యూరప్ కొత్తగా పెట్టిన సహాయ నిధి నుంచి అప్పు పుట్టదు. నచ్చినా నచ్చకపోయినా షరతు అది. బ్లాక్‌మెయిల్ అన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో పస ఉంది. కానీ 'నో అంటే పోయేదేం లేదు' అని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే అది పచ్చి అబద్ధం. చివరికి 60.3 శాతం అవునన్నారు.

ఇంకోటి, పోస్టర్ మీద ఉన్నది ఒప్పందంలో ఉందో లేదో చూడాలి. 2008లో యూరప్ సైన్యంలోకి పిల్లల్ని బలవంతంగా లాక్కుపోతారని ప్రచారం జరిగింది, లిస్బన్ ఒప్పందంలో అలాంటిదేమీ లేదు. ఇలాంటివి తేల్చిచెప్పడానికి అక్కడ స్వతంత్ర కమిషన్ ఉంది, ఇంటింటికీ వివరాల పుస్తకం పంపుతుంది. ఒక పక్షానికి ప్రచారం చేయడానికి ప్రభుత్వం ప్రజాధనం ఖర్చుపెట్టకూడదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రోజూ పేపర్లో ఫుల్ పేజీ సర్కారీ ప్రకటనలు చూసే మనకి ఇది నమ్మబుద్ధి కాదు.

మన రాజ్యాంగంలో దాచిపెట్టిన హక్కు అన్నదానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. మెసేజ్‌లో ఆర్టికల్ నంబరు లేదు, ఎందుకంటే అలాంటి ఆర్టికల్ లేదు. విదేశాలతో ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. వాటి అమలు కోసం రాష్ట్రాల పరిధిలోని విషయాల మీద కూడా పార్లమెంటు చట్టం చేయొచ్చని 253వ అధికరణం చెబుతోంది. సంతకం పెట్టడానికి కేంద్ర ప్రభుత్వానికి పార్లమెంటు అనుమతి కూడా అక్కర్లేదు. భూభాగం వదులుకోవాల్సి వస్తే మాత్రం రాజ్యాంగ సవరణ కావాలని పాకిస్తాన్‌కి భూభాగం ఇవ్వాల్సి వచ్చిన బేరుబారి వ్యవహారంలో 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఒప్పందం కోసం 2015లో వందో సవరణ చేసింది అందుకే. జునాగఢ్ 1948లో, గోవా 1967లో, సిక్కిం 1975లో ఓటేశాయి, నిజమే. అవి ఆ ప్రాంతాల భవితవ్యం మీద అక్కడివాళ్లు వేసిన ఓట్లు. విదేశీ ఒప్పందం మీద దేశమంతా ఓటేసింది ఎప్పుడూ లేదు.

ఇక కొవ్వాడ. సరే, 2008లో రెఫరెండం పెట్టారనే అనుకుందాం. బ్యాలెట్ మీద ఏముంటుంది? అమెరికాతో పౌర అణు ఒప్పందం సమ్మతమా అని ఉంటుంది. కొవ్వాడ పేరు ఉండదు. ఆ స్థలానికి ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది 2009లో. ఓటేసేది ఎవరు? 70 కోట్లు దాటిన దేశ ఓటర్లు. 2011 లెక్కల్లో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనాభా పిల్లా జెల్లా కలిపి 27 లక్షలు. జిల్లా మొత్తం ఒక్క మాట మీద నిలబడినా ఆ సముద్రంలో ఉప్పు కల్లే. కరెంటు కోతలతో విసిగిపోయిన ఢిల్లీవాళ్లో, నాగపూర్‌వాళ్లో తమ ఊళ్లో కట్టని ప్లాంటుకి వద్దని ఎందుకంటారు?

అంతటితో ఊరుకోదు. దేశం ఒకసారి అవునన్నాక, గ్రామసభలో లేచి "మా వలలు, పడవలు ఎక్కడ పెట్టుకోవాలి బాబూ" అని అడిగే మత్స్యకారుడికి అధికారి ఇచ్చే జవాబు ఊహించుకోండి. దేశమంతా ఓటేసిందయ్యా, కూర్చో. ఇవాళ ఆ జవాబు చెప్పడానికి వాళ్లకి వీల్లేదు, అదే కొవ్వాడకి మిగిలిన బలం.

ఒప్పందం మారకపోయినా ప్లాంట్లు మారిన సంగతి కూడా మెసేజ్ రాసినవాడికి తెలిసినట్టు లేదు. అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు మొదట గుజరాత్‌లోని మీఠీ విర్డీలో కట్టాలనుకున్నారు. అక్కడి రైతులు భూములివ్వమని భీష్మించారు. ఆ రియాక్టర్లే ఇటు కొవ్వాడ వైపు మళ్లాయి. మనకి కొత్త బాధే, కానీ ఆ ఊళ్లకి అది గెలుపు, అది జాతీయ ఓటుతో వచ్చింది కాదు. 2010లో పార్లమెంటు చేసిన అణు నష్టపరిహార చట్టం సరఫరాదారు మీద కూడా బాధ్యత పెట్టడంతో విదేశీ కంపెనీలు ఏళ్ల తరబడి వెనకాడాయి. మన సోంపేటలో 2010 జూలై 14న థర్మల్ ప్లాంటు వద్దని, బీల అనే చిత్తడి నేల కోసం నిలబడ్డవాళ్లలో ఇద్దరు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని అప్పీలేట్ అథారిటీ కొట్టేసింది.

ఓటుతోనే ఆగిన ఉదాహరణ కావాలంటే విజయనగరంలో రాయగడ రైలెక్కండి. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల మీద నిర్ణయం గ్రామసభలకే వదిలిపెట్టాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లలో సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. అక్కడ ప్రశ్న ఒక కొండ గురించి, ఓటు ఆ కొండ మీద బతికేవాళ్లది. అది సాధ్యమైంది అటవీ హక్కుల చట్టం వల్ల. కొవ్వాడ మత్స్యకారులకి ఆ చట్టం వర్తించదు. వాళ్లకి ఉన్నది 2013 భూసేకరణ చట్టం. అందులో ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధితుల అంగీకారం కావాలి. ప్రభుత్వ సొంత ప్రాజెక్టుకైతే ఒక్కరి అంగీకారమూ అక్కర్లేదు. అణు విద్యుత్ కార్పొరేషన్ ప్రభుత్వానిదే. అసలు చిల్లు ఇక్కడుంది.

పబ్లిక్ హియరింగ్ అని టెంటు వేసి, కుర్చీలు పరిచి, చుట్టూ పోలీసుల్ని నిలబెట్టి జరిపేదాంట్లోనూ ఓట్ల లెక్క ఉండదు. అయినా దానికి నిబంధనలున్నాయి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, చివర్లో ఎవరేం మాట్లాడారో రాసింది తెలుగులోనే చదివి వినిపించాలి. సాయంత్రమైందని, బస్సు పోతుందని జనం లేచిపోయేది సరిగ్గా ఆ చదివే వేళకే. హాజరు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు పైన ఏం రాసుందో చూడనివాళ్లూ ఎక్కువే.

కాబట్టి ఎంపీలని నిలదీయాలనుకునేవాళ్లకి రెండు ప్రశ్నలు. ఒప్పందాలు ఎలా చేసుకోవాలో, ఏవి సభ ముందుకు రావాలో చెప్పే చట్టం చేయడానికి 14వ అంశం పార్లమెంటుకి అధికారం ఇచ్చింది. ఆ చట్టం ఇప్పటిదాకా ఎందుకు లేదు? ప్రైవేటు కంపెనీకి పెట్టిన 80 శాతం అంగీకారం షరతు ప్రభుత్వ ప్రాజెక్టుకి ఎందుకు పెట్టలేదు? ఈ రెంటికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మామూలు బిల్లు చాలు.