మహారాజరాజశ్రీ షాపింగ్ స్టాప్ గారి సముఖానికి

ఉభయకుశలోపరి.

మధ్యాహ్నమంతా తమరి ఆతిథ్యంలోనే గడిపాం కాబట్టి తమరు క్షేమమని తెలుసు. ఏసీ బ్రహ్మాండంగా ఉంది. మా సంగతే అంతంతమాత్రం. రేపు మధ్యాహ్నం బల్లార్డ్ పియర్‌లో ఓడ ఎక్కాలి. మా ఇద్దరికీ ఇదే మొదటి క్రూజు. టీచరుగా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత మా ఆవిడ దీనికోసం పక్కన పెట్టింది. ఒకరోజు ముందే దిగితే ముంబై కూడా చూసేయొచ్చని పిల్లలు సిటీ టూర్ బుక్ చేశారు. టూరు కాగితంలో గేట్‌వే ఆఫ్ ఇండియా ఉంది, మెరైన్ డ్రైవ్ ఉంది, హ్యాంగింగ్ గార్డెన్స్ ఉంది, గాంధీగారి మణి భవన్ ఉంది. ఎలిఫెంటా గుహలు కూడా ఉన్నాయి. ఇవాళ సోమవారం, సోమవారం గుహలు మూసేస్తారు. అది వేరే సంగతి, ఆ కాగితం రాసిన మహానుభావుడికి విడిగా ఉత్తరం వెళ్తుంది. టూరు బండి దారిలో ఆగే కొట్టుగా తమరి పేరు మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. అంత సమయం తినేసి పేరైనా వేయించుకోని వినయం ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి!

గేట్‌వే దగ్గర ఫోటోకి పది నిమిషాలిచ్చారు. 1911లో ఐదో జార్జి ఇక్కడ దిగినప్పుడు ఇది ఇంకా కట్టనే లేదు. అట్టతో చేసిన నమూనా చూపించి పంపేశారట. అసలు కట్టడం పూర్తయ్యేసరికి 1924 వచ్చింది. చక్రవర్తికే అట్టముక్క చూపించిన ఊరు, మనకేం చూపిస్తుందిలే అని నేను నవ్వాను. మా ఆవిడ బడిలో చెప్పింది సోషల్ పాఠాలు. 1948 ఫిబ్రవరిలో ఆఖరి బ్రిటిష్ పటాలం ఈ కమాను కిందనుంచే ఓడెక్కిందని చెప్పబోతుంటే డ్రైవర్ హారన్ కొట్టాడు. "జల్దీ సాబ్, లేటైతే మణి భవన్ మూసేస్తారు" అన్నాడు. ఆ శ్రద్ధకి ముచ్చటేసింది. ఉరుకులు పరుగుల మీద బండెక్కాం. బండి రెండు సందులు తిరిగి సరాసరి తమరి గుమ్మం ముందు ఆగింది.

"కొనక్కర్లేదు, ఊరికే చూడండి. చూస్తే డబ్బులేం అడగం కదా!"

ఈ డైలాగు తమరి శాఖలన్నిటికీ ఎవరు రాసిచ్చారో గానీ ఆయన చేతికి దండం పెట్టాలి. ఆగ్రాలో పాలరాయి పళ్ళెం, జైపూర్‌లో రంగురాళ్ళు, మైసూర్‌లో పట్టు, ఊటీలో నీలగిరి తైలం, ఆఖరికి మన చార్మినార్ పక్కన ముత్యాలు, అన్నిచోట్లా ఇదే మాట, ఇదే నవ్వు. ముంబైలో మాత్రం కాశ్మీర్ చూపించారు. అరేబియా సముద్రం ఒడ్డున, చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయిన మనిషికి, ఉన్ని శాలువాలు!

ముందు కావా, అంటే కాశ్మీరీ టీ, ఇచ్చారు. ఒకరింట్లో టీ తాగి వెంటనే లేచిపోయే పెంపకం కాదు మాది, అది తమరు ముఖం చూసే పసిగట్టేస్తారు. ఆ తర్వాత తివాచీలు. అటునుంచి చూస్తే ఒక రంగు, ఇటునుంచి చూస్తే ఇంకో రంగు. చదరపు అంగుళానికి ఎన్ని ముళ్ళో లెక్క. విజయవాడ మే నెలలో తివాచీ మీద ఎవరు పడుకుంటారు నాయనా అంటే, "షిప్పింగ్ మేం చూసుకుంటాం" అన్నాడు. రేపు షిప్పెక్కేది మేమేనని నోరు జారాను. అంతే, "ఓడలో ఏసీ చాలా చలి మేడమ్" అంటూ శాలువాల బీరువా తెరిచాడు.

శాలువాని ఉంగరంలోంచి లాగి చూపించాడు. ఒరిజినల్ పష్మీనా ఉన్నికి అదే రుజువట. పల్చటి సింథటిక్ గుడ్డ ఏదైనా ఉంగరంలో దూరుతుందండీ. అయినా ఎవరికి చూపిస్తున్నారు ఇది? సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన మనుషులున్నారు మాకు!

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మా ఆవిడ ఇవాళ మణి భవన్ కోసం పనిగట్టుకుని పొందూరు ఖద్దరు చీర కట్టుకుంది. ఆ కొంగు రెండు వేళ్ళతో నలిపి చూసి, "ఇది పాలిస్టర్ మిక్సా మేడమ్?" అని అడిగాడు తమరి నిపుణుడు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన చీర అది. మా ఆవిడ క్లాసులో అల్లరి పిల్లల్ని చూసే చూపు ఒకటుంది. అదే చూపు చూసి లేచింది. బయటికి దారెటు అంటే మెట్లు దిగి నగల సెక్షన్‌లోంచి అన్నారు. నగల తర్వాత గంధపు పెట్టెలు, వాటి తర్వాత ఇత్తడి ఏనుగులు. పద్మవ్యూహం కట్టినవాళ్ళు తమరి దగ్గరే ట్రైనింగ్ అయ్యుంటారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తమరి బాత్రూమ్ అద్దంలా ఉంది. సబ్బుంది, నీళ్ళున్నాయి, తలుపుకి గడియ కూడా ఉంది. ఇవాళ మేం చూసినవాటిలో చూడదగ్గది అదేనని మా ఆవిడ అభిప్రాయం. టూరు కంపెనీ ఆడవాళ్ళ కోసం ఒక్కచోట కూడా ఆలోచించలేదు. తమరు ఆలోచించారు, ఎందుకు ఆలోచించారో తెలుసు గానీ, ఆలోచించారు.

బయట డ్రైవర్ మొహం వేలాడేశాడు. "అప్పుడే వచ్చేశారేంటి సాబ్?" మనం కొన్నా కొనకపోయినా, వాళ్ళు చెప్పినంతసేపు లోపల ఉంటే అతని చీటీ మీద ముద్ర వేస్తారట. ముద్ర ఉంటేనే డీజిల్ డబ్బులట. టూరు వాళ్ళిచ్చే జీతం గది అద్దెకే సరిపోదట. నేను వినదలుచుకోలేదు, మా ఆవిడ విన్నది. విని, మళ్ళీ లోపలికెళ్ళి ఆ పాలిస్టర్ పండితుడి ఎదుటే కూర్చుంది, ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడి ముద్ర కోసం.

ఇక్కడినుంచి నాకు మర్యాద రావట్లేదు.

ఆ తర్వాత మెరైన్ డ్రైవ్ కిటికీలోంచి చూశాం. హ్యాంగింగ్ గార్డెన్స్‌లో వేలాడేదేమీ లేదు, కింద నీళ్ళ ట్యాంకు, పైన తోట. గామ్‌దేవిలో మణి భవన్ చేరేసరికి తలుపు వేసేశారు. 1917 నుంచి 1934 దాకా గాంధీగారు బొంబాయి వస్తే దిగిన ఇల్లు. పత్తి ఏకడం ఆయన నేర్చుకున్నది అక్కడే. 1932 జనవరి 4న తెల్లారకముందే పోలీసులు ఆయన్ని పట్టుకెళ్ళింది ఆ మేడ మీదనుంచే. మా ఆవిడ ఇవన్నీ పిల్లలకి చెప్పింది, ఎప్పుడూ చూడకుండా చెప్పింది. ఇవాళ ఆ చీర కట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడి, "పోనీలెండి, బయటినుంచైనా చూశాం" అంది. నీకు సిగ్గుందా? మాకున్న ఒకే ఒక్క మధ్యాహ్నాన్ని చీటీ మీద ముద్ర వేసి అమ్ముకున్నావు. కుర్రాడికి జీతం టూరు వాళ్ళెగ్గొడతారు, అది నువ్విస్తావు, నీకు మమ్మల్నిస్తారు. ఇందులో టూరెక్కడుంది? డబ్బు కట్టి నీ కొట్టుకి వచ్చిన గిరాకీలం మేము!

ఓడలోకి బయటి తిండి తేకూడదని కంపెనీ ఇందాకే మెసేజ్ పెట్టింది. హోటల్ దగ్గర దిగుతూ ఆవకాయ సీసా డ్రైవర్‌కిచ్చేశాం. నీ దగ్గర దొరికిన ముద్ర కంటే అదే అతనికి ఎక్కువ నచ్చినట్టుంది.

మణి భవన్ పొద్దున తెరుస్తారు, ఓడ మధ్యాహ్నం. రేపటికి వేరే టాక్సీ మాట్లాడాం, మీటరు మీద. దారిలో ఎక్కడా ఆపనని ఆ డ్రైవర్ చేత మా ఆవిడ ఒట్టు పెట్టించుకుంది. మరీ అవసరమైతే బాత్రూమ్‌కి మాత్రం నీ దగ్గరికే వస్తాం. కావా వద్దు.

ఇట్లు,
శాలువా కొనని దంపతులు