అయిదు మీటర్లు చాలు

2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో మన బొమ్మదేవర ధీరజ్, అంకిత భకత్ జోడీ నాలుగో స్థానం దాకా వెళ్ళి కొద్దిలో పతకం పోగొట్టుకుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సురేఖ వేసే కాంపౌండ్ (కొసల్లో కప్పీలున్న విల్లు) రకంలో మిక్స్‌డ్ టీమ్‌ను, అంటే ఆడా మగా జోడీ పోటీని, కూడా చేర్చారు. ఇక అమెరికా నుంచి ఊళ్ళోని ఇళ్ళకు ఫోన్లు రాకుండా ఉంటాయా? "నాన్నా, ఇంటి వెనక జాగా ఖాళీగానే ఉందిగా, ఒక టార్గెట్ బోర్డు పెట్టించు. సెలవుల్లో పిల్లలొస్తే బాణాలేసుకుంటారు. అన్నయ్య పిల్లలు కూడా నేర్చుకుంటారు."

ఆలోచన మంచిదే. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం పొందాడని చెప్పుకునే ఇంద్రకీలాద్రి నీడలో పిల్లలు విల్లు పట్టుకుంటామంటే ఎవరు కాదంటారు? కానీ ఆ వెంటనే వచ్చే ప్రశ్న దగ్గరే చిక్కు. "ముప్పై మీటర్లు వస్తుందా?" అంటారు. రాదంటే "పోనీ, డాబా మీద?" అంటారు. మా మాట ఒక్కటే. ఇంటి దగ్గర అయిదు మీటర్లు దాటి వేయకండి. ముప్పై, యాభై, డెబ్బై మీటర్లు కోచ్ ఉన్న మైదానంలో చూసుకోవాలి. ఇంట్లో నేర్వాల్సింది బాణాన్ని దూరం పంపడం కాదు, నారిని శుభ్రంగా వదలడం.

లెక్క చూడండి. వదిలేటప్పుడు ఒక్క డిగ్రీ తేడా వస్తే బాణం 5 మీటర్ల దగ్గర సుమారు 9 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. 18 మీటర్ల దగ్గర 31 సెంటీమీటర్లు. 70 మీటర్ల దగ్గర 122, అంటే ఒలింపిక్స్‌లో పెట్టే టార్గెట్ మొత్తం వెడల్పంత! కొత్తగా పట్టిన చేతికి ఒకటి రెండు డిగ్రీల తేడా మామూలే. టార్గెట్ మధ్య భాగం పోటీల్లోలాగా నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, దాని వెనక అడ్డు రెండున్నర మీటర్ల ఎత్తుందనుకోండి. 5 మీటర్ల నుంచి వేసినప్పుడు బాణం ఆ అడ్డు మీదుగా పోవాలంటే పదమూడు డిగ్రీలు తప్పాలి. 15 మీటర్ల నుంచయితే నాలుగున్నర డిగ్రీలు చాలు. అడ్డు అదే, గోడ అదే. మనం వెనక్కి జరిగేకొద్దీ అది పనికిరాకుండా పోతుంది. లాగడానికి ఇరవై పౌండ్ల బలం చాలే చిన్న విల్లే కదా అనుకోవద్దు. దాన్నుంచి వచ్చే బాణం కూడా గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంది. మొన పైకెత్తి వదిలితే వంద మీటర్లు దాటి, అవతలి వీధిలో ఎవరి పెరట్లోనో పడుతుంది.

డాబా సంగతి ఇక్కడే తేల్చేద్దాం. వద్దు. పిట్టగోడ మూడడుగులు. పక్క డాబా మీద ఎవరో ఒడియాలు పెడుతుంటారు, బట్టలు ఆరేస్తుంటారు, ట్యాంకు కడుగుతుంటారు. వలలు కట్టుకున్నా, పొద్దున్నే ఎవరూ లేరనుకున్నా వద్దే.

ఇక జాగా. అయిదు మీటర్లంటే పదహారున్నర అడుగులు. మనిషి నిలబడేందుకు, టార్గెట్ వెనక ఖాళీకి కలిపి పాతిక అడుగుల పొడవు కావాలి. 36కి 50 అడుగుల రెండొందల గజాల స్థలంలో ఇల్లు కట్టాక ఆ పొడవు పెరట్లో కన్నా పక్క సందులోనే దొరుకుతుంది. బెజవాడ సత్యనారాయణపురం, గుంటూరు బ్రాడీపేట లాంటి పాత పేటల ఇళ్ళలో ఆ సందులోకే వంటింటి తలుపు తెరుచుకుంటుంది. పనమ్మాయి అంట్లు తెచ్చేదీ, గ్యాస్ బండ వచ్చేదీ అటునుంచే. నిలబడే గీతకూ టార్గెట్‌కూ మధ్య ఒక్క తలుపున్నా ఆ సందు పనికిరాదు. గడియ పెడతాంలే అంటారు గానీ, గడియ లోపలివాళ్ళ చేతిలో ఉంటుంది కదా.

టార్గెట్‌ను ప్రహరీకి ఆనించి పెట్టడం అందరూ చేసే పొరపాటు. ప్రహరీ అయిదారడుగులే, దాని అవతల పక్కింటివాళ్ళు. అంతకన్నా మీ ఇంటి గోడనే అడ్డుగా పెట్టుకోండి. కిటికీ, తలుపు, ఏసీ పెట్టె లేని నిలువెత్తు గోడ ఒకటుంటే దానివైపు వేయండి. తప్పిన బాణం మీ ఇంటికే తగులుతుంది. అలాంటి గోడ లేకపోతే ఆ ఇంట్లో బాణం వేయొద్దు, రబ్బరు బ్యాండ్‌తో లాగే కసరత్తు మాత్రం చేయండి. పొద్దున పూట సాధన కాబట్టి ముఖం పడమరకో ఉత్తరానికో ఉండేలా చూసుకుంటే ఎండ కళ్ళలో పడదు.

ఉత్త గోడకు తగిలితే కార్బన్ బాణం చీలుతుంది, ముక్కలు వెనక్కి ఎగురుతాయి. అందుకని గోడకు అడుగు దూరంలో రెండు పాత జంపఖానాలు, మధ్య జానెడు ఖాళీ వదిలి, వదులుగా వేలాడదీయండి. బిగించి కట్టకూడదు. వదులుగా ఉన్న బట్ట బాణంతో పాటు కదిలి దాని వేగాన్ని తినేస్తుంది. బిగువుగా ఉన్నది చిల్లిపడి ఊరుకుంటుంది. వెడల్పు మూడు మీటర్లు, ఎత్తు రెండున్నర. మొదటి బాణాలు మూడు మీటర్ల నుంచి వేసి, ఎంతవరకు దిగుతున్నాయో చూసుకోవాలి.

టార్గెట్ కొనక్కర్లేదు. మన దగ్గర అన్నిటికన్నా బాగా నిలిచేది అట్టల దిమ్మ. ఫ్రిజ్, టీవీ అట్టపెట్టెలు సేకరించి 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల లోతు ముక్కలుగా కోయండి. స్టేపుల్ పిన్నులు, టేపులు పీకేయండి. ఒకదాని మీద ఒకటి పేర్చి, కిందా పైనా 18 ఎంఎం ప్లైవుడ్ చెక్కలు పెట్టి, అటూ ఇటూ మరలున్న ఇనుప రాడ్లు దించి నట్లు బిగించండి. దిమ్మ ఎత్తు 60 సెంటీమీటర్లు రావడానికి అట్ట మందాన్ని బట్టి నూట యాభై నుంచి రెండొందల ముక్కలు పడతాయి. బాణం అట్ట ముఖంలోకి కాదు, అంచుల మధ్యలోకి దిగాలి. ఆ రాపిడే దాన్ని ఆపుతుంది. బొటనవేలు అట్టల మధ్య దూరిందంటే బిగువు చాలనట్టే. నెలకోసారి నట్లు మళ్ళీ బిగించాలి. రాడ్లు అట్టలకు బయటే ఉండాలి, వాటికి పాత సైకిల్ ట్యూబు చుట్టాలి. ఇనుముకు తగిలిన బాణం ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఇది కుదరకపోతే గోనె సంచిలో పాత నూలు బట్టలు దట్టించండి. పాతిక కిలోల దాకా పడతాయి. గుండీలు, హుక్కులు, జిప్పులు ఒక్కటి కూడా మిగలకూడదు. పాలిస్టర్ వద్దు, రాపిడి వేడికి కరిగి బాణానికి అంటుకుంటుంది. గుంటూరు వాళ్ళకు ఒక హెచ్చరిక. చవగ్గా దొరుకుతున్నాయని మిర్చి టిక్కీల గోతాలు తెచ్చుకోకండి. ఎంత దులిపినా పొడి నారల్లోనే ఉంటుంది. బాణం దిగిన ప్రతిసారీ ఘాటు లేస్తుంది. పీకిన చేత్తో కన్ను నలుపుకుంటే ఆ రోజుకు సాధన అయిపోయినట్టే. వరిగడ్డి మోపులు డెల్టాలో కావలసినన్ని దొరుకుతాయి గానీ వానాకాలంలో చెమ్మ, ఆ తర్వాత చెదలు, ఎలుకలు. థర్మోకోల్‌లోంచి బాణం దూసుకుపోతుంది. ఇసుక బస్తా బాణం ఒంటినంతా గీకేస్తుంది.

విల్లు విషయంలో ప్రవాసులు చేసే తప్పు కాంపౌండ్ తేవడం. సురేఖ చేతిలో ఉన్నది అదే కదా అని. కాంపౌండ్‌లో లాగే పొడవు కప్పీల దగ్గర ఒక మనిషికి సరిపడేలా బిగించి ఉంటుంది. అక్కకు సరిపోయింది తమ్ముడికి సరిపోదు, పన్నెండేళ్ళ పిల్లకు ఈ ఏడు సరిపోయింది వచ్చే ఏడు సరిపోకపోవచ్చు. తాడు మార్చాలంటే ప్రెస్ అనే పనిముట్టు కావాలి, అది పెరట్లో ఉండదు. అమెరికా బడుల్లో వాడే జెనిసిస్ రకం మాత్రం వేరు. 15 నుంచి 30 అంగుళాల దాకా ఎవరు ఎంత లాగినా పనిచేస్తుంది, బరువు 10 నుంచి 20 పౌండ్ల మధ్య మార్చుకోవచ్చు. ఇంటిల్లిపాదికీ ఒకటే కావాలంటే అది నయం. లేదంటే ముక్కలుగా విడదీసే చెక్క రికర్వ్ (కప్పీలు లేని, కొసలు ముందుకు వంగిన విల్లు) కొనండి. పెద్దవాళ్ళకు 18 నుంచి 24 పౌండ్లు, పిల్లలకు 10 నుంచి 16. లింబ్ (పిడికి పైనా కిందా వంగే బద్ద) మీద 24 అని ఉంటే అది 28 అంగుళాలు లాగినప్పటి బరువు. అంగుళం తగ్గితే రెండు పౌండ్లు తగ్గుతుంది, 26 లాగేవారికి అది ఇరవయ్యే. పూర్తిగా లాగి పది సెకన్లు వణకకుండా పట్టుకోలేకపోతే ఆ విల్లు బరువెక్కువ. "కొన్నాళ్ళకు అలవాటవుతుందిలే" అని పిల్లల చేతికి బరువైన విల్లు ఇచ్చే నాన్నలను చూస్తే బాధేస్తుంది. అలవాటయ్యేది విల్లు కాదు. భుజం ఎగరేసి, నడుం వంచి లాగడం అలవాటవుతుంది, దాన్ని మాన్పించడం కోచ్‌కు తలకు మించిన పని.

నారి ఎక్కించడానికి స్ట్రింగర్ తాడు తప్పనిసరి. కాలు సందున పెట్టి వంచితే లింబ్ మెలి తిరుగుతుంది. ఎక్కించాక నారికీ పిడికీ మధ్య దూరం కొలవాలి. 66 అంగుళాల విల్లుకు ఎనిమిదింపావు నుంచి ఎనిమిదిముప్పావు అంగుళాలు. తక్కువైతే నారి విప్పి, నాలుగు మెలికలు వేసి మళ్ళీ ఎక్కించండి. బాణం పూర్తిగా లాగినప్పుడు విల్లు దాటి ఇంకా రెండంగుళాలు ముందుకుండాలి. పొట్టి బాణం, విల్లు మీద అది ఆనే ఆనిక మీంచి జారి లోపలికొస్తే చేతిలో దిగుతుంది. బాణం లేకుండా నారి లాగి వదలడం ఎన్నడూ చేయకూడదు. బాణం తీసుకుపోవాల్సిన శక్తంతా విల్లులోకే తిరిగొచ్చి లింబ్ పగులుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ముచ్చటపడి చేసే పనే ఇది, కాబట్టి విల్లు నడవాలో ఉంచకండి.

ఇప్పుడు అసలు సాధన. టార్గెట్ మీద కాగితం అంటించకండి. మొదటి నెల ఉత్త దిమ్మే, మూడు మీటర్ల నుంచే. కాగితం కనబడగానే కన్ను పసుపు చుక్క మీదికి పోతుంది, వేళ్ళ సంగతి మరిచిపోతుంది. నారి పట్టేటప్పుడు చూపుడువేలు బాణం పైన, తర్వాతి రెండు వేళ్ళు కింద. వేరే రంగు ఈక విల్లుకు అవతలివైపు. విల్లు పట్టిన చేయి మోచెయ్యి నేలవైపు కాకుండా పక్కకు తిరగాలి. తిరగకపోతే నారి చెళ్ళున తగిలి చర్మం కమిలిపోతుంది, మర్నాటి నుంచి ఆ భయానికే చేయి ముడుచుకుంటుంది. విల్లును పైకెత్తి కిందికి దించుతూ లాగే పద్ధతి ఇంట్లో వద్దు. బాణం మొన ఎప్పుడూ దిమ్మవైపే ఉండాలి, ఎందుకంటే వేళ్ళు జారేది లాగుతున్నప్పుడే. నారి ముక్కు కొసను, గడ్డాన్ని తాకాక, వేళ్ళను విప్పకండి, వాటిలోని పట్టు మాత్రం సడలనివ్వండి. చెయ్యి దానంతటదే మెడ పక్కగా చెవి వెనక్కి పోతుంది. ముఖానికి దూరంగా బయటికి ఎగిరిందంటే వేళ్ళు నారిని మీటాయన్నమాట, బాణం పక్కకే పోతుంది. దిమ్మలో చప్పుడు వినబడ్డాక కూడా రెండు సెకన్లు విల్లు దించకుండా అలాగే నిలబడాలి. రోజుకు నలభై యాభై బాణాలు, అరగంట. చేతులు వణకడం మొదలైతే ముప్పై దగ్గరే ఆపేయాలి.

పోటీల్లో ఈలలకు అర్థాలున్నాయి. రెండు వేస్తే గీత దగ్గరికి రావడం, ఒకటి వేస్తే బాణాలు వదలడం, మూడు వేస్తే వెళ్ళి తెచ్చుకోవడం. ఆగకుండా అయిదారు వేస్తే ఉన్నపళంగా ఆపేయడం. ఇంట్లోనూ ఒక పెద్ద మనిషి ఈల పట్టుకుని కూర్చోవాలి. ఇది లాంఛనం కాదు. మన వీధుల్లో క్రికెట్ బంతి పడితే పిల్లలు అడక్కుండానే గోడ దూకి వచ్చేస్తారు. బాణం పీకేటప్పుడు ఒక అరచెయ్యి దిమ్మకు ఆనించి, రెండో చేత్తో బాణాన్ని దిమ్మ దగ్గరే పట్టుకుని తిన్నగా వెనక్కి లాగాలి. వెనక ఎవరూ నిలబడకూడదు, నాక్ (బాణం వెనక నారికి పట్టే గాడి) కొస కంట్లో తగులుతుంది. పీకిన ప్రతి కార్బన్ బాణాన్నీ రెండు చేతులతో మెల్లగా వంచి చెవి దగ్గర పెట్టుకోండి. చిటపట వినిపిస్తే విరిచి చెత్తబుట్టలో పడేయండి.

మన ఎండల గురించి రెండు ముక్కలు. మే నెలలో ఆరున్నర లోపు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించాలి. విల్లును మూసిన కారులో వదిలితే లింబుల జిగురు విడిపోతుంది. నారికి మైనం పట్టించడం వానాకాలంలో వారానికోసారి.

ఊరొచ్చేటప్పుడు విల్లు, బాణాలు చెక్ఇన్ సామానులోనే పెట్టండి, క్యాబిన్‌లోకి రానివ్వరు. కొనే ముందు ఫోన్లో పిల్లల వయసు కాదు, రెండు విషయాలు అడగండి. చేతులు బారచాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని అంగుళాలు? దాన్ని రెండున్నరతో భాగిస్తే లాగే పొడవు వస్తుంది. 65 అంగుళాలుంటే 26, దానికి 66 అంగుళాల విల్లు. రెండోది, ఏ కన్ను గురి? రెండు అరచేతులతో చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారాన్ని చూస్తూ చేతులను మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకోమనండి. ఆ సందు ఏ కంటి మీదికి వస్తే అదే గురి కన్ను. కుడిచేత్తో అన్నం తినే పిల్లకు ఎడమ కన్ను గురి అయితే, ఎడమచేతివాటం విల్లు కొనడమే మేలు. ఆ మాట కొనకముందే తెలియాలి.