పంటి కుర్చీలో ‘మత్తు’ అంటే ఏ మత్తు?

కింది దవడ పన్ను వాచి, నాలుగు రాత్రులు కంటి మీద కునుకు లేక, సఖినేటిపల్లి రేవులో పంటు (వశిష్ఠ గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వచ్చిన మనిషి దంత వైద్యుడి కుర్చీలో కూర్చోగానే ‘మత్తిచ్చి పీకేయండి’ అంటాడు. ఆయన కోరుకుంటున్నది నిద్ర. వైద్యుడికి అర్థమయ్యేది చిగురులోకి ఇచ్చే లిగ్నోకెయిన్ సూది. తిమ్మిరికీ, మగతకూ, పూర్తిగా స్పృహ తప్పడానికీ వాడుకలో మనకున్నది ఒకే మాట కావడంతో, డెల్టా ఊళ్లలో పంటి వైద్యమంటే ఉన్న బెదురు ఈ తికమకతో మరింత పెరుగుతోందని నా అభిప్రాయం.

లిగ్నోకెయిన్ ఆ పంటి చుట్టూ ఉన్న నరాలను మొద్దుబారుస్తుందే తప్ప గుండెదడను తగ్గించదు. పైగా చీము పట్టిన చోట ఆమ్లగుణం పెరిగి మందు సరిగా పట్టదు కనుక, లవంగ నూనెతోనూ మందుల షాపు బిళ్లలతోనూ వారాలు నెట్టుకొచ్చినవారికే కుర్చీలో ఎక్కువ నొప్పి తెలుస్తుంది. ఆ అనుభవం ఊరంతా పాకుతుంది. పై పన్ను తీయిస్తే చూపు పోతుందన్న అపోహ దానికి తోడవుతుంది. పంటి నరానికీ కంటి చూపుకీ సంబంధమే లేదని ఎన్నిసార్లు చెప్పినా అది పోవడం లేదు.

భయాన్ని తగ్గించే మార్గాల్లో అన్నిటికన్నా తేలికైనది నైట్రస్ ఆక్సైడ్. 1844 డిసెంబరులో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంత వైద్యుడు ఈ వాయువు పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. నేటి యంత్రాల్లో కనీసం 30 శాతం ఆక్సిజన్ కలిపి, ముక్కుకు పెట్టిన చిన్న మాస్కు ద్వారా ఇస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు, అడిగితే బదులిస్తాడు, భయం మాత్రం సడలుతుంది. చివర్లో ఐదు నిమిషాలు ఒట్టి ఆక్సిజన్ పీలిస్తే దాదాపు తేరుకుంటాడు. జలుబుతో ముక్కు దిబ్బడ వేసినవారికి ఇది పనిచేయదు; తొలి నెలల గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. దూరం నుంచి వచ్చి అదే రోజు తిరిగి వెళ్లాల్సిన డెల్టా రోగులకు ఇంతకన్నా అనువైనది లేదు, కానీ చిన్న పట్టణాల క్లినిక్‌లలో ఆ యంత్రం అరుదుగానే కనిపిస్తుంది. ఇంప్లాంట్ల పరికరాలకు పెట్టే ఖర్చులో కొంత దీనికీ కేటాయించవచ్చు.

డయాజిపామ్, మిడజోలామ్ వంటి మగత తెప్పించే బిళ్లల సంగతి వేరు. కడుపులోకి వెళ్లిన మోతాదు ఎవరిలో ఎంత పనిచేస్తుందో ముందే కచ్చితంగా చెప్పలేం. రక్తనాళంలోకి సూదిగా ఇచ్చే మిడజోలామ్‌ను కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు, దానికి విరుగుడుగా ఫ్లుమాజెనిల్ ఉంది. జరిగినదేదీ రోగికి అంతగా గుర్తుండదు కూడా. అయితే ఈ మందులు శ్వాసను నెమ్మదింపజేస్తాయి. ధైర్యం కోసమని ఒక పెగ్గు వేసుకొని వచ్చేవారు మనకు కొత్త కాదు. ఆ విషయం దాచి ఈ మందు తీసుకుంటే ఊపిరే ఆగవచ్చు. మగత ఎంత ఉన్నా చిగురుకు సూది తప్పదన్నది కూడా ముందే చెప్పాలి, ఎందుకంటే మగత నొప్పిని చంపదు.

పూర్తి మత్తు చాలా పళ్లు పుచ్చిన పసిపిల్లలకూ, మానసిక ఎదుగుదల లోపం ఉన్నవారికీ కొన్నిసార్లు తప్పదు. అది మత్తు వైద్య నిపుణుడు ఉన్న ఆపరేషన్ థియేటరులో జరగాల్సిన పని. భీమవరం, రాజమహేంద్రవరం ప్రాంతాల్లో దంత వైద్య కళాశాలలు ఉన్నాయి కనుక, ఇలాంటివారిని ముందుగా అక్కడ చూపించడమే మేలు.

‘నొప్పి లేని వైద్యం’ అన్న బోర్డు చూసి లోపలికి వెళ్లినవారు మందు పేరు అడగకపోయినా ఫరవాలేదు. పన్ను తీసే చేతులు కాక, ఊపిరినీ నాడినీ చూస్తూ కూర్చునే మనిషి ఇంకొకరు ఉన్నారా అన్నది మాత్రం అడగాలి. కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటరు అక్కడ కనిపించకపోతే లేచి రావచ్చు. గాఢమైన మగత ఇస్తామంటే తేలికపాటి తిండి ఆరు గంటల ముందూ, మంచినీళ్లు రెండు గంటల ముందూ ఆపాలి. మగతకు బిళ్లో సూదో తీసుకున్నవాడు ఆ రోజంతా బండి నడపకూడదు. తిరుగు పంటులో బండి ఎక్కించేది, వశిష్ఠ దాటాక దాన్ని నడిపేది తోడు వచ్చినవాడే కావాలి. తాళం చెవి తెల్లారేదాకా అతని జేబులోనే ఉండాలి.