బొటనవేలికి బహిరంగ లేఖ

విజయనగరం

నా కుడిచేతి బొటనవేలికి,

నీ యజమాని రాయునది ఏమనగా, మనం ఆ పాత సోషల్ మీడియా యాప్‌ను వదిలేశాం. సిద్ధాంతం కోసం వదిలేశాం. తెల్లారి లేస్తే బూతులు, కులాల లెక్కలు, మధ్యమధ్యలో కోటీశ్వరులను చేసే ప్రకటనలు! ఆ కంపెనీ పేరు ఎత్తను, పరువు నష్టం కేసు వేస్తే కట్టే స్తోమత మనకు లేదు. నువ్వు మాత్రం ఇంకా ఫోన్‌లో అదే మూల తడుముతున్నావు. ఇప్పుడక్కడ గ్యాస్ బుకింగ్ యాప్ ఉంది. రోజుకు ఇన్నిసార్లు సిలిండర్ సంగతి ఎందుకు చూస్తున్నారని ఇంట్లో అడిగితే ఏం చెప్పమంటావు?

నీ బెంగ చూడలేకే కదా వేరే సంబంధాలు వెతికింది. పసుపు పిట్ట గుర్తున్న ‘కూ’ యాప్ బాగుంటుందన్నారు. 2020లో వచ్చింది, మన భాషలోనే రాసుకోవచ్చు. 2024 జులైలో దుకాణం కట్టేసింది. థ్రెడ్స్ 2023లో వచ్చిన అయిదు రోజుల్లోనే పది కోట్ల మందిని చేర్చుకుంది. అంత జనంలో మన సంగతి ఎవరు పట్టించుకుంటారు? బ్లూస్కై 2024 ఫిబ్రవరి దాకా పిలుపు ఉంటేనే గడప తొక్కనిచ్చేది కాదు. పిలవని పేరంటానికి మనం వెళ్లలేదు.

మిగిలింది మాస్టొడాన్. 2016లో ఒక జర్మనీ కుర్రాడు మొదలుపెట్టాడు. ఎవరి సర్వర్ (మన ఖాతా ఉండే కంప్యూటర్) వాళ్లదే, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ప్రకటనల గోల లేదు. సర్వర్ మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, రాతలు మాత్రం పాత చోటే ఉండిపోతాయి. అయితే ముందు ఏ సర్వరో తేల్చుకోవాలి. కాలేజీ సీటుకు కూడా ఇంత టెన్షన్ పడలేదు.

దసరా వెళ్లిన మంగళవారం అందులో మన పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగే సిరిమాను ఫొటో పెట్టాం, గుర్తుందా? పాత చోటైతే ఈపాటికి ఊరంతా దిగేది. ఫొటో ఏ మేడ మీంచి తీశావని ఒకడు, సిరిమాను ఆలస్యానికి ఏ పార్టీ కారణమని ఇంకొకడు. ఇక్కడ వచ్చింది ఒకే ఒక్క జవాబు. చూపు లేనివాళ్ల కోసం ఫొటోకు వివరణ రాయలేదేమని ఎవరో విదేశీ పెద్దమనిషి మర్యాదగా అడిగాడు. న్యాయమైన మాటే. కూర్చుని రాశాం: పొడవాటి చింతమాను, దాని కొసన ఆసనంలో పూజారి, ముందు తెల్ల ఏనుగు, బెస్తవారి వల, కింది నుంచి జనం విసిరే అరటిపళ్లు. లైకు ఒక్కటి వచ్చింది. అదీ ఆయనదే.

మనవాళ్లను రమ్మంటే అందరూ వస్తే వస్తామంటారు. ఆ అందరూ ఎవరయ్యా అంటే, ఇలా అంటున్నవాళ్లే. అక్కడ వాళ్లను తిట్టేవాళ్లు ఇక్కడ లేరట, అదొక లోటు! పాత కంపెనీ బతుకుతున్నది దాని గొప్పతనం వల్ల కాదు, మన తగువుల వల్లే.

అయినా మనకు కొరతేముంది? గంటస్తంభం దగ్గర టీకి వెళ్తే ఆ పాత యాప్‌లోని గొడవలన్నీ జనం నోటితోనే వినిపిస్తున్నారు, లాగిన్ కూడా అక్కర్లేదు. మరి నిన్న నువ్వు చేసిన పనేమిటి? టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మనవడి ఫొటో చూడమని తన ఫోన్ చేతికిచ్చాడు. పిల్లాడి మొహం చూశామో లేదో, పక్కనున్న పాత యాప్ నొక్కి సర్రున కిందికి లాగడం మొదలెట్టావు.

“ఏటి బాబూ, ఫొటో చూడమంటే ఫోనంతా తిప్పీస్తన్నావు?” అని లాక్కున్నాడు.

ఇట్లు,
నీ యజమాని

ప్రతి: చూపుడువేలికి, తగు హెచ్చరిక నిమిత్తం.