శ్రీబాగ్ నుంచి ఉక్కు ఫ్యాక్టరీ దాకా: సీమ అడిగింది ఎందుకు నిలవలేదు

కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2018 డిసెంబరులో ఇంకొకరు, ఏడాది తిరిగేసరికి మరొకరు చేశారు. 2023లో మళ్ళీ జరిగింది. మధ్యలో బంద్‌లు, ధర్నాలు, ఒక ఎంపీ నిరాహార దీక్ష. జనం కొట్లాడలేదని ఎవరూ అనలేరు. ఇంత చేసినా ఫ్యాక్టరీ ఎందుకు రాలేదని అడిగితే, నాయకులు మోసం చేశారని సరిపెట్టుకుంటాం. నాకు ఆ జవాబు చాలడం లేదు.

2014 విభజన చట్టం 13వ షెడ్యూల్ తీసి చదవండి. కడప జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం పెట్టడానికి వీలుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని ఉంది. పెట్టి తీరాలని ఎక్కడా లేదు. పరిశీలించి, కుదరదని చెప్పినా చట్టాన్ని పాటించినట్టే లెక్క. మనం ఇన్నేళ్ళూ కొట్లాడింది ఆ ఒక్క క్రియాపదంతో.

అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి సంగతి వేరు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది ఆ ఊళ్ళోనే. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వలేకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి అని 2005 చట్టం రాసింది. అమలులో లోపాలు తక్కువేం కావు, కూలి డబ్బులు నెలల తరబడి ఆగడం సీమ పల్లెలన్నీ చూశాయి. అయినా, కరువొస్తే బెంగళూరు బస్సెక్కడం తప్ప దారి లేని కూలీకి, జాబ్ కార్డు పట్టుకుని మండల ఆఫీసులో "నా పని ఏది?" అని నిలదీసే హక్కు దొరికింది. ఆ చట్టం కూడా ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో, ఇంకా చాలాచోట్ల ప్రజా సంఘాలు ఏళ్ళ తరబడి పని హక్కు అడుగుతూ వచ్చాయి. 2004లో ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. వామపక్షాల మద్దతు లేకుండా కాంగ్రెస్ ప్రభుత్వం నిలబడే పరిస్థితి లేదు. అప్పుడే ఉపాధి హామీ ఆ పార్టీలు కలిసి ఒప్పుకున్న కనీస ఉమ్మడి కార్యక్రమంలోకి, అక్కడి నుంచి పార్లమెంటులోకి వెళ్ళింది.

ప్రభుత్వానికి మన అవసరం ఎంత ఉంది? ఉద్యమం గెలుపు సగం ఇక్కడే తేలుతుంది. నాలుగు ఉమ్మడి సీమ జిల్లాల్లో 52 అసెంబ్లీ స్థానాలున్నాయి. 2019లో వైసీపీకి 49 ఇచ్చాం. 2024లో కూటమికి 45 ఇచ్చాం. కొద్ది శాతం ఓట్లు అటూ ఇటూ అయితే సీట్లన్నీ ఒకవైపే ఒరిగిపోయే ఎన్నికల పద్ధతి మనది. అంతా ఇచ్చేశాక గెలిచినవాళ్ళకు మన గురించి టెన్షన్ ఉండదు, ఓడినవాళ్ళకు అడిగే బలం ఉండదు. పైగా రాష్ట్రంలోని 175లో 52 ఎప్పటికీ మెజారిటీ కాదు. సంఖ్య లేని ప్రాంతానికి చట్టంలో రాయించుకున్న మాటే దిక్కు.

ఆ సంగతి 1937లోనే మన పెద్దలకు తెలుసు. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో నవంబరు 16న కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన ఒప్పందం అందుకే. నీటిలో సీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ఎంచుకునే అవకాశం సీమకు. దాని పుణ్యాన 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది. మూడేళ్ళకు తెలంగాణతో విలీనం, రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాదుకు. శ్రీబాగ్‌లో సంతకాలున్నాయి గానీ దాన్ని ఏ శాసనసభా చట్టంగా చేయలేదు. మాట తప్పారని కోర్టుకెళ్ళడానికి దారే లేకపోయింది.

రాజధానికి భూములిచ్చిన అమరావతి రైతుల విషయంలో తేడా చూడండి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చి కర్నూలుకు న్యాయ రాజధాని అన్నప్పుడు నాలాంటివాళ్ళం ఆశపడ్డాం. ఆ రైతుల చేతిలో మాత్రం సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం కింద రాసుకున్న భూసమీకరణ ఒప్పందాలున్నాయి. 2022 మార్చిలో హైకోర్టు వాటికి ప్రభుత్వం కట్టుబడాల్సిందేనంది. వాళ్ళు గెలిచారని నాకు కోపం లేదు. ఇళ్ళు వదిలి రోడ్ల మీద నడిచారు, గెలవాల్సినవాళ్ళే. అలాంటి కాగితం మనకెందుకు లేదన్నదే బాధ.

2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది. తీర్మానం అంటే అడగడం వరకే. కర్నూలు, కడప, అనంతపురం లాయర్లు, విద్యార్థి సంఘాలు ఈసారి అన్ని పార్టీల ముందూ పెట్టాల్సిన ప్రశ్న ఒకటే: బెంచి ఏ తేదీలోపు, ఎవరి ఉత్తర్వుతో వస్తుంది, రాకపోతే మేం ఎవరి మీద కేసు వేయాలి?