వడ్డీ అడగని ఇన్వెస్టర్లు

గల్ఫ్‌లో జీతాలు రాక కార్మికులు రోడ్డున పడ్డారని వార్త వచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ వార్త రాసినవాళ్ల మీద. కార్మికులట, బాధితులట! ఎండలో ఆరు నెలలు కడ్డీలు వంచి, కాంక్రీటు పోసి, ఆ కష్టానికి రావలసిన సొమ్మంతా కంపెనీ దగ్గరే ఉంచేసి, దానికో కాగితం రాయించుకోకుండా, తాకట్టు అడగకుండా, వడ్డీ ఊసే ఎత్తకుండా తిరుగుతున్న పెద్దమనిషిని పట్టుకుని బాధితుడు అంటారా? ఆయన ఇన్వెస్టర్. అదీ మామూలు రకం కాదు, స్టార్టప్‌ల వాళ్లకి కలలో కూడా దొరకని రకం. నష్టం వస్తే మొత్తం తనే భరిస్తాడు, లాభం వస్తే వాటా అడగడు.

ఆయన ధైర్యం చూడండి. బ్యాంకులు తక్కువ వడ్డీకి డిపాజిట్లు తీసుకుని ఎక్కువ వడ్డీకి అప్పులిస్తాయి, అదేం గొప్ప, ఎవడైనా చేస్తాడు. ఈయన వీసా కోసం ఏజెంటుకి కట్టడానికి నెలవారీ వడ్డీకి అప్పు తెస్తాడు. తెచ్చి, విమానమెక్కి, దిగి, ఒంట్లో సత్తువంతా కంపెనీకి సున్నా వడ్డీకి అప్పిస్తాడు. (ఆ వీసా ఖర్చు అసలు కార్మికుడి మీద వేయకూడదని, పనిలో పెట్టుకునేవాడే భరించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ సూత్రాలు చెబుతున్నాయి. ఏజెంట్లు చదువుతున్నారు, ఇంకా ఆ పేజీ దాకా రాలేదు.) ఇక్కడ వడ్డీ పెరుగుతూ ఉంటుంది, అక్కడ బకాయి పెరుగుతూ ఉంటుంది. రెండు వైపులా ఇంత గ్రోత్ ఉన్న వ్యాపారం ఇంకెక్కడైనా ఉందా?

కంపెనీలనీ అర్థం చేసుకోవాలి మరి. క్లయింటు మెయిన్ కాంట్రాక్టరుకి బిల్లు ఆపుతాడు, మెయిన్ కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరుకి ఆపుతాడు, సబ్ కాంట్రాక్టరు ఎవరికి ఆపాలా అని పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు. 2014 మధ్యలో 100 డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ చమురు 2016 జనవరికల్లా 30 డాలర్ల కిందకి జారింది, సౌదీలో ప్రభుత్వం నుంచి కాంట్రాక్టర్లకి రావలసిన బిల్లులు ఆగిపోయాయి. అంతర్జాతీయ మార్కెట్‌లో వచ్చిన ఇంత పెద్ద దెబ్బని తట్టుకునే స్తోమత ఎవరికుందని పైనుంచి కింద దాకా వెతికితే, క్యాంపులో పదిమందితో కలిసి ఒకే గదిలో పడుకునే షట్టరింగ్ కార్పెంటర్ కనిపించాడు. 2022లో అదే బ్యారెల్ మళ్లీ 100 దాటింది కదా, అప్పుడు ఆయనకి బోనస్ ఎందుకివ్వలేదని అడిగే చాదస్తులు కొందరుంటారు. వాళ్లకి బిజినెస్ తెలియదు.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదనడం కూడా అన్యాయం. జీతం బ్యాంకు ద్వారానే పడాలి, పడకపోతే మంత్రిత్వ శాఖకి కంప్యూటర్‌లో తెలిసిపోవాలి అని యూఏఈ 2009లోనే వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ పెట్టింది, తర్వాత 2013లో సౌదీ, 2015లో ఖతార్. గొప్ప ముందడుగు. ఇదివరకు జీతం పడలేదన్న సంగతి కార్మికుడొక్కడికే తెలిసేది, ఇప్పుడు కంప్యూటర్‌కి కూడా తెలుసు. కొన్ని కంపెనీలకి ఈ సిస్టమ్ మీద ఎంత గౌరవమంటే, అందరి ఏటీఎం కార్డులూ ఆఫీసులోనే భద్రంగా దాచిపెడతాయి. జీతం పైసాతో సహా అకౌంట్లలో పడుతుంది, రికార్డు శుభ్రంగా ఉంటుంది, ఆ తర్వాత సూపర్‌వైజర్ రబ్బరు బ్యాండ్ వేసిన కార్డుల కట్ట పట్టుకుని మిషన్ దగ్గరికి వెళ్తాడు. ఒక్కో కార్డూ పెట్టడం, చీటీ చూసి పిన్ కొట్టడం, నోట్లు తీసి జేబులో పెట్టుకోవడం. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు గానీ, ఆ చాకిరీ ఎంత కష్టమో వాళ్లకేం తెలుసు.

సరే, ఓపిక పట్టలేని ఇన్వెస్టర్లకి లేబర్ కోర్టు ఉంది. ఖతార్‌లో 2018 నుంచి వివాద పరిష్కార కమిటీలు పనిచేస్తున్నాయి, మొదటి విచారణ జరిగాక మూడు వారాల్లోపు తేల్చాలని చట్టం. చట్టం తేల్చమంది తీర్పుని, డబ్బు సంగతి వేరే. తీర్పు చేతికొచ్చేసరికి కంపెనీ గుమ్మం మీద పేరు బోర్డు మారిపోయి ఉంటుంది, లేదా అకౌంట్ ఖాళీగా ఉంటుంది. విచారణకి వెళ్లడానికి పని మానాలి, మానితే ఆబ్సెంట్, ఆబ్సెంట్ అయితే జీతం కోత. నాలుగు నెలలుగా ఇవ్వని జీతంలోంచి ఒక రోజు ఎలా కోస్తారో నాకు అంతుపట్టలేదు గానీ అకౌంట్స్ సెక్షన్ వాళ్లు కోస్తారు, లెక్క రాసి పెడతారు కూడా.

అసలు మజా అకామా దగ్గరుంది, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే పర్మిట్ దగ్గర. దాన్ని రెన్యువల్ చేయించాల్సింది కంపెనీ, ఫీజు కట్టాల్సిందీ కంపెనీయే. జీతమే ఇవ్వనివాడు అకామా ఫీజు టంచనుగా కడతాడనుకోవడం అత్యాశ కదా. గడువు దాటిన మర్నాటి నుంచీ మన ఇన్వెస్టర్ గారు ఆ దేశంలో అక్రమంగా ఉంటున్న మనిషి. కడుపు నింపుకోవడానికి ఇంకోచోట పనికి పోతే కల్లివెల్లి, అంటే కంపెనీ వదిలేసి చాటుగా బతికేవాడు. కంపెనీ హురూబ్ పెడితే, అంటే పారిపోయాడని రిపోర్ట్ ఇస్తే, ఇక పోలీసు కనిపిస్తే సందులోకి తప్పుకోవాలి. లోకంలో ఎక్కడైనా అప్పు ఎగ్గొట్టినవాడు దాక్కుంటాడు. ఇక్కడ అప్పిచ్చినవాడు దాక్కుంటాడు, తీసుకున్నవాడు ఏసీలో కూర్చుని ఫిర్యాదు చేస్తాడు.

అన్నింటికీ విసిగి "ఇంటికి పంపండి చాలు" అన్న రోజు సెటిల్‌మెంట్ జరుగుతుంది. దీనికంటూ ఒక పద్ధతుంది. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు పిలవరు, రాత్రి ఫ్లైటుంటే సాయంత్రం పిలుస్తారు. కింద వ్యాను స్టార్ట్ చేసి ఉంటుంది. మేనేజర్ టేబుల్ మీద టికెట్ పెట్టి దాని మీద చెయ్యి ఆనించి, రెండో చేత్తో ఒక అరబ్బీ కాగితం ఇటు తిప్పుతాడు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు ముందే వేసి ఉంటుంది.

"ఇందులో ఏం రాశారు సార్?"

"ఏముంది, టికెట్ ముట్టినట్టు."

"నావి ఐదు నెలలు రావాలి కద సార్."

"అవన్నీ అకౌంట్‌లో వేస్తారయ్యా. నువ్వు ఇల్లు చేరేసరికి పడిపోతాయి. తొందరగా కానీ, ఈ ఫ్లైట్ పోతే ఇంకో టికెట్ ఇవ్వరు."

ఆ కాగితంలో ఉండేది, నాకు రావలసినవన్నీ ముట్టాయి, ఈ కంపెనీ మీద నాకే క్లెయిమూ లేదు అని. పెద్ద పెద్ద ఫండ్లు పెట్టుబడి పెట్టేటప్పుడు నలభై పేజీల అగ్రిమెంటు, ఇద్దరు లాయర్లు, మూడు మీటింగులు ఉంటాయి. మనవాళ్లు పెట్టుబడి మొత్తం రద్దు చేసుకోవడానికి కూడా ఒక్క పేజీ, ఒక్క నిమిషం. ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్ అని ఊరికే అంటారా?

కొంతమంది ఇన్వెస్టర్లకి షేర్‌హోల్డర్ల మీటింగ్ లాంటిది పెట్టుకోవాలని దురాశ పుడుతుంది. యూఏఈ, సౌదీల్లో యూనియన్ పెట్టుకునే వీల్లేదు కాబట్టి అది రోడ్డు మీద పెట్టుకుంటారు. 2022 ఆగస్టులో, ప్రపంచకప్పుకి మూడు నెలల ముందు, దోహాలో ఒక కంపెనీ ఆఫీసు ముందు బకాయిల కోసం నిరసనకి దిగారు. కొందరిని అరెస్టు చేశారు, కొందరిని దేశం దాటించారు. పైగా ఆ ప్రపంచకప్పులో జట్లకిచ్చే ప్రైజ్ మనీ 44 కోట్ల డాలర్లు, కనీసం అంత సొమ్మైనా నష్టపోయిన కార్మికుల కోసం పక్కన పెట్టమని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఫిఫాని అడిగింది. ఫిఫా మనసు కరిగింది, కాకపోతే రెండేళ్లు పట్టింది. 2024 నవంబరులో 5 కోట్ల డాలర్లతో లెగసీ ఫండ్ ప్రకటించి, దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థలతో కలిసి ఖర్చు పెడతామంది. వాణిజ్య సంస్థ కూడా పాపం ఎన్ని నెలల నుంచి జీతం అందక ఉందో.

పంపే దేశాలు మాత్రం ఊరుకున్నాయా. 2020లో కరోనా దెబ్బకి వేలమంది బకాయిలు అక్కడే వదిలేసి చేతులూపుకుంటూ విమానాలెక్కుతున్న సమయంలో, సరిగ్గా ఆ సెప్టెంబరులో, మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ ఉద్యోగాలకి కనీస రెఫరల్ వేతనాన్ని, అంటే ఇంతకి తక్కువ జీతానికి మనవాళ్లని పంపకూడదన్న గీతని, 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. మనవాళ్లు ఖరీదైపోతే ఉద్యోగాలు వేరే దేశాలకి పోతాయని టెన్షన్. దూరదృష్టి అంటే ఇదీ. జీతం సగమైతే ఎగ్గొట్టినప్పుడు నష్టమూ సగమే కదా! ఎవరికో ఇది నచ్చక హైకోర్టుకి వెళ్లారు, 2021లో పాత రేట్లు మళ్లీ వచ్చాయి.

మొత్తం పెట్టుబడి మునిగిపోతుందనుకోవడానికీ లేదు. సౌదీ ఓజర్ అనే నిర్మాణ దిగ్గజం 2016లో జీతాలు ఆపేసినప్పుడు క్యాంపుల్లో తిండి కూడా లేదని గోల అయింది, అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ట్వీట్లు పెట్టారు, సహాయమంత్రి వి.కె. సింగ్ అక్కడికి వెళ్లారు, ఆ మరుసటి ఏడాది కంపెనీయే మూతపడింది. అప్పట్లో అలా మునిగిన సౌదీ కంపెనీల్లో పనిచేసిన ఫిలిప్పీన్స్ వాళ్లు సుమారు 10 వేల మందికి 200 కోట్ల రియాళ్లు ఇస్తామని 2022 నవంబరులో సౌదీ యువరాజు స్వయంగా వాళ్ల అధ్యక్షుడికి మాటిచ్చారు. 2024లో చెక్కులు రావడం మొదలైంది. ఎనిమిదేళ్ల లాకిన్ పీరియడ్, అంతే. ఇంకాస్త తొందర ఉన్నవాళ్ల కోసం సౌదీ 2024 అక్టోబరులో జీతాల ఇన్సూరెన్స్ తెచ్చింది, 17,500 రియాళ్ల దాకా ఇస్తారు. కాకపోతే కంపెనీ వరసగా ఆరు నెలలు, 80 శాతం మంది విదేశీ కార్మికులకి జీతం ఎగ్గొట్టి ఉండాలి. డెబ్బై శాతం మందికే ఎగ్గొట్టిన కంపెనీలో పనిచేసేవాళ్లు కాస్త తమ యజమానిని ప్రోత్సహించుకోవాలి.

ఇంత చేసినా ఈ ఇన్వెస్టర్లకి మర్యాద దక్కడం లేదన్నదే నా బాధ. వాళ్ల సొమ్ముతో లేచిన టవర్లకి ప్రారంభోత్సవాలు జరుగుతుంటే బ్యాంకర్లని పిలుస్తున్నారు, కన్సల్టెంట్లని పిలుస్తున్నారు, వీళ్లకి ఒక కార్డు ముక్క పంపరు. అడ్రసులు దొరకవని సాకు చెప్పడానికి కూడా లేదు, పాస్‌పోర్టు లేక ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ కాగితం మీద వెళ్లిపోయిన వాళ్లవైనా సరే. కంపెనీలో వీసా పనులు చూసే మందూబ్ గారి సొరుగు తెరిచి చూస్తే చాలు, వాళ్ల పాస్‌పోర్టులన్నీ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.