శ్రీ ‘కుదురుగా కూర్చో’ గారికి

మహారాజశ్రీ ‘కుదురుగా కూర్చో’ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కోరినంత కుదురుగా లేము గానీ క్షేమమే. మీ క్షేమం అడగక్కర్లేదు, పిల్లలున్న ఏ ఇంటి తలుపు తట్టినా లోపలి నుంచి మీరే పలుకుతున్నారు.

మీది పెద్ద వంశం. వీధిబడుల రోజుల్లో కోదండం అని మీ తాతగారొకరు ఉండేవారట. అల్లరి పిల్లాణ్ణి దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడమనేవారు. మా కాలానికి తొడపాశం, గోడకుర్చీ మిగిలాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మనసు కష్టపెట్టి వేధించడాన్నీ కూడా నిషేధించింది. అలా వాళ్లంతా కాగితం మీద రిటైరైపోయారు. మీరు మాత్రం ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ తెచ్చుకుని సర్వీసులోనే ఉన్నారు.

మావాడికి ఎనిమిదేళ్లు. విజయవాడ నుంచి విశాఖ దాకా ప్రతి స్టేషనూ వరసగా చెప్తాడు, రైళ్ల బొమ్మలు ముందేసుకుంటే మూడు గంటలు లేవడు. క్లాసులో మూడు నిమిషాలు కూర్చోలేడు. ‘తెలివైనవాడే, కానీ కాలుగాలిన పిల్లి’ అన్నారు టీచరమ్మ. ఆ మాట అనేవాళ్లెవరూ పిల్లి కాలు ఎక్కడ కాలిందని అడగరేమో! మావాడికి కాలేది ట్యూబ్‌లైటు రొదతో, చొక్కా మెడ దగ్గరి లేబుల్‌తో, నలభైమంది ఒక్కసారి చదివే ఎక్కాలతో.

డాక్టరుగారు ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ధ్యాసా ఒళ్లూ ఒకచోట నిలవకపోవడం. ఆటిజం కూడా ఉందన్నారు, అంటే చప్పుళ్లనీ స్పర్శనీ మనుషుల తీరునీ మెదడు వేరేగా అందుకోవడం. 2013 దాకా అమెరికన్ సైకియాట్రిస్టుల మాన్యువల్ ప్రకారం ఈ రెండూ కలిపి ఒకే మనిషికి రాయకూడదట. పిల్లలకి ఆ రూలు తెలియక రెండూ పెట్టుకుని పుట్టేసేవారు. ఇక మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి. అందులో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. అంటే చట్టం లెక్కలో మావాడు సగమే ఉన్నాడు.

బంధువుల లెక్కలో అసలు లేడనుకోండి. ఫోను వల్లన్నారు, పెంపకం అన్నారు, రెండు తగిలిస్తే సరి అన్నారు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల్ని చూసి, వీళ్లకి ‘నైతిక నిగ్రహం’ లోపించిందని ఉపన్యాసాలిచ్చాడు. మా మేనత్త ఆయన్ని చదవలేదు. అయినా అక్షరం పొల్లు పోకుండా అదే తేల్చింది.

ఇంకో సంగతి మీతోనే చెప్పాలి. డాక్టరుగారు వాడి గురించి ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే నేను లోపల నా గురించి జవాబులు చెప్పుకున్నాను. నేను మీకు లొంగిపోయిన పిల్లని కదా! చేతులు కట్టుకుని, నోటి మీద వేలేసుకుని, బెంచీ మీద ఒళ్లు వదిలేసి మనసు చెరువుగట్టుకి పంపేసేదాన్ని. ‘బుద్ధిమంతురాలు, కాస్త మతిమరుపు’ అని రాసేవారు. ఆడపిల్లల్లో ఇలా పైకి కనబడని రకం ఏడీహెచ్‌డీ ఎక్కువగా కళ్లుగప్పి పోతుందట. నాకు నలభై దాటాక దొరికింది. మీ ఘనవిజయాల్లో నన్నూ రాసుకోండి.

‘యోగా చేయించండి, కుదురొస్తుంది’ అని అందరూ అన్నారు. జూన్ 21న, యోగా దినోత్సవమని గ్రౌండుకి తీసుకెళ్లాను. చూద్దును కదా, అక్కడ మైకు పట్టుకుని ఉన్నదీ మీరే! కదలొద్దు, కళ్లు తెరవొద్దు, ఏమీ ఆలోచించొద్దు. ఎవరో చెప్పాపెట్టకుండా వెనక నుంచి వాడి వీపు నొక్కారు. వాడు బిగుసుకుపోయాడు. తర్వాత ఉత్కటాసనం. గాల్లో కుర్చీ వేసినట్టు మోకాళ్లు వంచి నిలబడాలి. వాడు నా వైపు తిరిగి, ‘అమ్మా, నేనేం తప్పు చేశాను?’ అన్నాడు.

అలా తెలిసింది నాకు, గోడకుర్చీ రిటైరవలేదని.

ఇప్పుడు మా కాలనీలో యోగా నేర్పే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్తున్నాం. ఆవిడ మొదటి మాట, ‘కదలాలనిపిస్తే కదులు నాన్నా.’ కళ్లు మూయమనరు, అడక్కుండా ముట్టుకోరు. కీళ్లు మరీ సాగేలా వంచనివ్వరు. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి కీళ్లు మామూలు కంటే వదులుగా ఉంటాయి, ఆ సంగతి ఆవిడకి తెలుసు. గోడకి కాళ్లు ఆనించి పడుకుంటాం. చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి, నడుము పైకీ కిందకీ ఆడించే మార్జాలాసనం వేస్తాం. కాలుగాలిన పిల్లికి పిల్లి ఆసనమే నచ్చింది! అరచేతుల్లోకి బరువు దిగితే తన ఒళ్లు ఎక్కడుందో వాడికి తెలుస్తుంది. ఊపిరి పీల్చినదానికంటే నిదానంగా వదిలితే గుండె వేగం కాస్త తగ్గుతుంది. భ్రామరి అని, ఊపిరి వదులుతూ తుమ్మెదలా రొద చేసే ప్రాణాయామం ఉంది. మావాడి దగ్గర తుమ్మెద రొద కాకుండా గూడ్సు బండి మోత వస్తుంది, ఆవిడ దిద్దరు.

దీంతో ఆటిజం పోదు, పోగొట్టాలని మేమూ వెళ్లడం లేదు. మందులు, థెరపీ వాటి దారిన అవి నడుస్తున్నాయి. రాత్రి పడుకునే ముందు పేచీ మాత్రం తగ్గింది. నాక్కూడా.

యోగసూత్రాల్లో పతంజలి ఆసనానికి చెప్పిన నిర్వచనం మూడే మాటలు: ‘స్థిరసుఖమాసనమ్’. మీరు స్థిరం పట్టుకుపోయారు, సుఖం ఎక్కడ పారేశారు? అన్నట్టు మా అమ్మమ్మ వంటింట్లో కుండ కింద గడ్డితో చుట్టిన చుట్టకుదురు ఉండేది. అడుగు గుండ్రంగా ఉంది, దొర్లిపోతుందని పెట్టేది. కుండని ఎప్పుడూ కసరలేదు.

ఇట్లు,
వంటింటి గట్టు దగ్గర నిలబడి ఇదంతా రాసిన
ఒక అమ్మ

తా.క.: గోడకుర్చీ సంగతి బడివాళ్లకి విడిగా ఉత్తరం రాశాను. అందులో వ్యంగ్యం లేదు.